మందు కొనుటకు ముందు చేపను కోసి చూడుడు

వరిపైరులో అగ్గి తెగులు కనబడినచో మీరేమి చేయుదురు? నాలుగు ఆకులు కోసి, వ్యవసాయాధికారి యొద్దకో, ఎరుగుదురైన రైతు యొద్దకో తీసికొనిపోయి చూపుదురు. గేదె మేత మానినచో చెవులు తాకి చూచి, పేడ చూచి, పశువుల డాక్టరుకు కబురు చేయుదురు. చేపల చెరువు సంగతి వచ్చుసరికి మాత్రము ఈ మంచి అలవాటు ఏమైపోవునో తెలియదు. తెల్లవారి గట్టు మీదకు పోగా పది చేపలు వెల్లకిల తేలియుండును. రైతు వానిని చేతబట్టి అయినను చూడడు. నేరుగా మందుల దుకాణమునకు పోయి "చేపలు చచ్చుచున్నవి" అని చెప్పును. దుకాణదారుడు మూడు రకముల డబ్బాలు కట్టి ఇచ్చును. ఒకటి పనిచేయకున్నను మరియొకటి పనిచేయునను ఆశ ఇద్దరికిని కలదు. ఖర్చు మాత్రము ఒక్కరిదే.

రైతు సోదరులారా! ఇది వైద్యము కాదు, జూదము అని నా అభిప్రాయము. చేపకు వచ్చిన రోగము చేప లోపల వ్రాయబడియుండును. దానిని చదువుటకు పెద్ద చదువు అక్కరలేదు. పదునైన కత్తి, మంచి వెలుతురు, పావుగంట ఓపిక చాలును. చదువుకొన్న రైతులును, గ్రామోద్యోగులును ఈ పని నేర్చుకొనవలెనని కోరుచు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కైకలూరు, మండవల్లి, ఆకివీడు, ఉండి ప్రాంతముల చెరువులలో శీలావతి, బొచ్చె, వాటికి తోడు పంగాసియస్, రూప్‌చంద్ చేపలను పెంచుచున్నారు. ఈ చెరువులలో సూక్ష్మజీవుల వలన వచ్చు రోగములలో మిక్కిలి తరచుగా వినవచ్చు పేరు ఏరోమోనాస్ హైడ్రోఫిలా. ఇది కడ్డీ ఆకారము గల బాక్టీరియా. ఎక్కడినుండియో కొత్తగా వచ్చిన శత్రువని అనుకొనకుడు. ఇది ప్రతి మంచినీటి చెరువులోను, ప్రతి కాలువలోను, ఆరోగ్యముగా నున్న చేప ప్రేగులలో సైతము ఉండును. చేప ఒంటి మీది జిగురు పొర, పొలుసులు, దాని రక్తములోని రక్షణ శక్తి బాగుగా నున్నంత కాలము ఇది ఏమియు చేయజాలదు. చేపపేను కుట్టి చర్మమునకు గాయము చేసినను, పట్టుబడి నాడు వలలో నలిగి పొలుసు ఊడినను, తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గినను, అడుగు మన్నులో అమ్మోనియా పెరిగినను, చెరువులో చేపలు కిక్కిరిసినను అది అదను చూచి లోపలికి చొరబడును.

ఒక్కొక్కప్పుడు ఈ జాతిలోనే మిక్కిలి తీవ్రమైన తెగ కూడ పుట్టుచుండును. 2009లో అమెరికాలోని అలబామా రాష్ట్రములో క్యాట్‌ఫిష్ చెరువులలో అట్టి తెగ ప్రబలి, అమ్మకమునకు సిద్ధముగా నున్న పెద్ద చేపలనే విస్తారముగా చంపినది. చైనాలోని కార్పు చేపలలో దొరికిన తెగకు అది దగ్గరి చుట్టమని తరువాత పరీక్షలలో తేలినది. కనుక "ఇది ఎప్పుడును ఉండునదే" అని నిర్లక్ష్యము చేయుటయు తగదు.

చొరబడిన పిదప అది చేయు పని ఏమి? ఈ సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. ఇది తెలిసినగాని కోసి చూచినప్పుడు కనబడునది అర్థము కాదు.

ఈ బాక్టీరియా కొన్ని విషములను విడుచును. వానిలో ముఖ్యమైనది ఏరోలైసిన్. దాని అణువులు ఏడు కలిసి ఉంగరము వలె ఏర్పడి, చేప కణము పైపొరలో దిగి, దానికి బెజ్జము వేయును. బెజ్జము పడిన కణములోనికి నీరు చొచ్చి అది ఉబ్బి పగులును. ఎర్ర రక్తకణములు పగులును, రక్తనాళముల లోపలి పొర పగులును. నాళము చిల్లులు పడగా రక్తము చుట్టు ప్రక్కల కారును. పొట్ట మీద, రెక్కల మొదళ్లలో, ఆసనము వద్ద మీరు చూచు ఎర్రని మచ్చలు ఇవియే. వీనితోపాటు మాంసమును జీర్ణము చేయు ద్రవములను కూడ ఈ బాక్టీరియా విడుచును గనుక చర్మము క్రింద కండ మెత్తబడి, కరగి, పుండు పడును.

పైకి కనబడునది ఇంతే. లోపల జరుగునది అంతకంటె ఎక్కువ.

చేపకు మూత్రపిండము వెన్నెముకను అంటుకొని, గాలితిత్తికి పైన, ముదురు ఎరుపు పట్టీ వలె ఉండును. దీనికి రెండు పనులు కలవు. వెనుక భాగము నీటిని బయటకు పంపును. ముందు భాగము రక్తమును తయారు చేయును. మనకు ఎముకల మూలుగ చేయు పని చేపకు ఈ ముందు భాగమే చేయుచున్నది. ఇప్పుడు ఆలోచింపుడు. మంచినీటి చేప రక్తములో చెరువు నీటిలో కంటె ఉప్పు హెచ్చు. అందువలన రాత్రింబవళ్లు మొప్పల గుండ నీరు దాని ఒంటిలోనికి ఇంకుచునే యుండును. ఆ నీటిని మూత్రపిండము ఎప్పటికప్పుడు తోడి బయట పోయవలెను. బాక్టీరియా విషము తగిలి మూత్రపిండపు సన్నని గొట్టముల గోడలు చచ్చినచో ఆ తోడు పని నిలిచిపోవును. మురుగు బోదె పూడిపోయిన వరిచేనును తలచుకొనుడు. పైనుండి నీరు వచ్చుచునే యుండును, పోవు దారి లేదు. నాళములు కూడ కారుచున్నవి గనుక పొట్టలో నీరు నిలుచును, కన్నులు ముందుకు పొడుచుకొని వచ్చును, పొలుసుల క్రింది సందులలో నీరు చేరి పొలుసులు నిక్కబొడుచుకొనును. మన రైతులు పొట్ట ఉబ్బు వ్యాధి అని పిలుచునది ఇదే. పేరు పొట్టదే గాని చెడినది మూత్రపిండము. పొట్ట ఉబ్బిన చేప కనబడినదనగా లోపలి నష్టము చాల దూరము పోయినదని అర్థము.

కాలేయము మరియొక సాక్షి. శీలావతి, బొచ్చె వంటి చేపలలో ఇది ఒక్క ముద్దగా ఉండక ప్రేగుల చుట్టల నడుమ పరచుకొని యుండును. ఆరోగ్యమున ఎరుపు కలిసిన గోధుమ రంగు కలిగియుండును. రోగము వచ్చినపుడు పాలిపోయి, అక్కడక్కడ ఎర్రని చుక్కలు పడి, వ్రేలితో తాకిన చితుకునంత మెత్తబడును. సూక్ష్మదర్శినిలో చూచినచో కణములలో ఖాళీలు పడి, కొన్ని చోట్ల కణములు పూర్తిగా చచ్చి కనబడును. అయితే ఒక్క మాట. మితిమీరి మేపిన చెరువులో రోగము లేని చేపకును కాలేయము క్రొవ్వు పట్టి పసుపు రంగున ఉండవచ్చును. కనుక కాలేయము ఒక్కదానిని చూచి తీర్పు చెప్పరాదు.

ప్లీహము చిన్నది, ముదురు ఎరుపు. మంచి చేపలో దాని అంచులు పలుచగా నుండును. రోగమున ఉబ్బి అంచులు గుండ్రబడును. పగిలిన రక్తకణముల లోని ఇనుము అక్కడ పోగుపడి, సూక్ష్మదర్శినిలో తుప్పు రంగు మచ్చలుగా కనబడును. ప్రేగులలో మేత లేక, పసుపు పచ్చని జిగురు మాత్రము ఉండి, లోపలి పొర ఊడియుండును. మేత మానిన చేపలో చేదుతిత్తి నిండి ఉబ్బియుండును. ఈ ఒక్క గుర్తు వలననే చేప కొన్నాళ్లుగా మేత తినలేదని చెప్పవచ్చును. ఈ సంగతి గుర్తుంచుకొనుడు. మందు మాట వచ్చినపుడు దీనితో పని పడును.

ఇక మొప్పలు. మొప్ప పలుచని రేకులలో నీటికిని రక్తమునకును నడుమ ఉండునది మిక్కిలి పలుచని పొర. దానికి బాధ కలిగినపుడు చేప ఆ పొరను దళసరి చేసికొనును. రేకులు ఒకదానికొకటి అతుకుకొనును. అప్పుడు చెరువులో ప్రాణవాయువు చాలినంత యున్నను చేపకు ఊపిరి అందదు. పైకి వచ్చి నోరు తెరచుచుండును. రైతు దీనిని గాలి తక్కువ అనుకొని ఏరేటరు తిప్పును, రాత్రంతయు ఇంజను పెట్టి నీరు తోడును. ఏరేటరు తిప్పుట తప్పు కాదు, చేపకు కొంత ఊరట కలుగును. కాని అసలు కారణము అక్కడ లేదు.

పై చెప్పిన గుర్తులన్నియు ఒక్క ఏరోమోనాసు వలననే వచ్చునని అనుకొనరాదు. కోసి చూడవలెనని నేను పట్టుబట్టుటకు కారణము ఇదియే. పైకి ఒకే తీరుగా కనబడు రోగములు లోపల వేరు వేరు. మొప్పలు పాలిపోయి, పసుపు మన్ను పూసినట్లు కుళ్లుచు, వెన్ను మీద జీను వేసినట్లు తెల్లని పట్టీ కనబడినచో అది ఫ్లావోబాక్టీరియం కాలమ్నేర్ అను మరియొక బాక్టీరియా పని కావచ్చును. పంగాసియస్ చేపకు పైన ఏమియు లేక, లోపల కాలేయము, మూత్రపిండము, ప్లీహముల నిండ తెల్లని చుక్కలుండినచో ఎడ్వర్డ్‌సియెల్లా జాతిని అనుమానింపవలెను. వియత్నాం దేశములో మెకాంగ్ డెల్టా చేపల రైతులను ఈ రోగము 1990 దశకము చివరి నుండి బాధించుచున్నది. అక్కడి రైతులు దీనికి పెట్టిన పేరునకు తెలుగున "కాలేయ మూత్రపిండముల చీము" అని అర్థము. చేప పొట్ట తెరచి చూచిన రైతులు గనుకనే ఆ పేరు పెట్టగలిగిరి. మనము పెట్టుకొన్న పేర్లు చూడుడు: ఎర్రమచ్చ, పొట్ట ఉబ్బు, తోక కుళ్లు. అన్నియు గట్టు మీద నుండి చూచి పెట్టినవే!

పుండ్లు పడిన చేప సంగతియు అంతే. 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రములలో ప్రవేశించి తరువాత ఇతర రాష్ట్రములకు ప్రాకిన పుండ్ల వ్యాధికి మూలము బాక్టీరియా కాదు, బూజును పోలిన ఒక జీవి. కొర్రమీనులకు అది మిక్కిలి హాని చేసినది. బాక్టీరియా మందు దానిని చంపజాలదు. చేపపేను వలన వచ్చిన పుండ్లకును పేనును వదిలించక బాక్టీరియా మందు పెట్టిన ఫలమేమి? ఇల్లు కారుచుండగా నేల తుడిచినట్లుండును.

కోయుటకు ఏ చేపను తీసికొనవలెను? చచ్చి తేలిన చేప పనికిరాదు. మన ఎండలకు కొద్ది గంటలలోనే దాని కండ కుళ్లును, ప్రేగులలోని బాక్టీరియా అంతటను వ్యాపించును. అట్టి చేపను కోసినచో ప్రతిదియు రోగము వలెనే కనబడును. గట్టు ప్రక్కన నీరసముగా ఈదుచు, చేయి చాచినను పారిపోని చేపలను నాలుగైదింటిని పట్టుడు. ఆరోగ్యముగా నున్నదానిని కూడ ఒక్కదానిని పట్టుడు. మంచిది ప్రక్కన లేనిదే చెడినది తెలియదు. తల మీద ఒక్క దెబ్బ కొట్టి చంపి, ఆసనము వద్ద నుండి పొట్ట మధ్యగా మొప్పల వరకు కోసి, ప్రక్క గోడను ఎత్తి తీసివేయుడు. ప్రేగులు తగలకుండ కత్తి మొనను పైకి పట్టవలెను. పొట్టలో నీరున్నదా, దాని రంగేమి, కాలేయము, ప్లీహము, చేదుతిత్తి ఎట్లున్నవి అను సంగతులు చూచి, గాలితిత్తిని తొలగించి వెన్ను క్రింది మూత్రపిండమును చూడుడు. చూచినది అప్పుడే పుస్తకములో వ్రాసికొనుడు. చేతికి గాయమున్నవారు ఈ పని చేయరాదు. ఇవే బాక్టీరియాలు మనుష్యుల గాయములను కూడ చెరచగలవు. రబ్బరు తొడుగులు వేసికొని, పిదప సబ్బుతో కడుగుకొనవలెను.

"ఇవన్నియు చూచుచు కూర్చుండిన చెరువు ఖాళీ అగును, మందు వెంటనే పడవలెను" అని కొందరు అందురు. వారి భయము న్యాయమైనదే. లక్షల పెట్టుబడి నీటిలో నున్నపుడు ఓర్పు చెప్పుట సులభము, పట్టుట కష్టము. కాని లెక్క వేసి చూతము. మన ప్రాంతములో మేతను చిల్లులు పెట్టిన సంచులలో పోసి చెరువులో వ్రేలాడగట్టుట వాడుక. మందును కూడ తవుడులో కలిపి ఆ సంచులలోనే పెట్టుచున్నారు. రోగము వచ్చిన చేప మేత తినదని చేదుతిత్తి చెప్పినది గదా! మరి ఆ మందు తినునదెవరు? ఆరోగ్యముగా నున్న చేప. మిగిలినది నీటిలో కరగిపోవును. నీటిలోని సున్నపు లవణములు ఆక్సీటెట్రాసైక్లిన్ వంటి మందును పట్టివేసి దాని బలమును తగ్గించును కూడ.

మోతాదు మాట చూడుడు. అమెరికాలో ఆక్సీటెట్రాసైక్లిన్‌ను మేతలో కలుపుటకు ఆమోదించిన మోతాదు చేప బరువు కిలో 1కి రోజునకు సుమారు 55 నుండి 83 మిల్లీగ్రాములు, 10 దినములు. ఆ పిదప 21 దినముల వరకు చేపను అమ్మరాదు. ఎకరమునకు 4 టన్నుల చేప యున్నదనుకొందము. తక్కువ మోతాదున లెక్కించినను రోజునకు 220 గ్రాముల అసలు మందు, 10 దినములకు 2 కిలోల 200 గ్రాములు కావలెను. పది ఎకరముల చెరువునకు 22 కిలోలు! మీరు తెచ్చిన డబ్బాలో అసలు మందు ఎన్ని పాళ్లున్నదో పై చీటీ చదువుడు. రెండు డబ్బాలు కలిపి రెండు రోజులు పెట్టి "పనిచేయలేదు" అని మానివేయుట వలన జరుగునది ఒక్కటే. బలహీనమైన బాక్టీరియా చచ్చి, మందుకు తట్టుకొన్నవి మిగులును. ఆ తట్టుకొను గుణమును అవి ప్రక్కనున్న ఇతర బాక్టీరియాలకు కూడ అందీయగలవు. ఏరోమోనాస్ పుట్టుకతోనే ఆంపిసిలిన్ వంటి మందునకు లొంగదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులను చేపల, రొయ్యల పెంపకములో వాడుట మన దేశమున నిషిద్ధము. ఎవరు ఏ పేరుతో ఇచ్చినను వానిని ముట్టరాదు.

ఇంకొక సంగతి. మందు బాక్టీరియాను చంపగలదు గాని చచ్చిన మూత్రపిండమును ఆ పూట బ్రతికింపజాలదు. అందుచేత పొట్ట ఉబ్బిన చేపల కొరకు మందు కొనుట డబ్బు వృథా. మందు అవసరమని తేలినను, అది ఇంకను మేత తినుచున్న చేపల కొరకే. అదియు మత్స్యశాఖ అధికారి సలహాతో, ఏ మందునకు ఆ బాక్టీరియా లొంగునో పరీక్షించిన పిదపనే.

ఆ పరీక్ష ఫలితము వచ్చులోపల చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. మేత సగమునకు తగ్గించుడు, లేదా ఆపుడు. మిగిలిన మేత కుళ్లి రోగమునకే బలమగును. వల దింపకుడు. తెల్లవారుజామున ప్రాణవాయువు, పగలు అమ్మోనియా చూపించుడు. సాధ్యమైన కొంత నీరు మార్చుడు. సున్నము విషయమై ఒక హెచ్చరిక. చెరువునకు ఏమి వచ్చినను సున్నము చల్లుట మనకు అలవాటైనది. అమ్మోనియా హెచ్చుగా నున్న చెరువులో మధ్యాహ్నపు ఎండలో సున్నము పడినచో నీటి క్షారగుణము పెరిగి, అమ్మోనియా మరింత విషమగును. నీటిని పరీక్షింపక సున్నము వేయకుడు.

గ్రామోద్యోగులకు కూడ ఒక మనవి. చెరువు ఒక్క రైతుది కావచ్చును, నీరు మాత్రము ఒక్కరిది కాదు. ఒక చెరువు విడిచిన నీరు మురుగు కాలువలో పడి, దిగువ చెరువునకు ఇంజనుతో తోడబడుచున్నది. చచ్చిన చేపలను ఆ కాలువలోనే విసరివేయువారు నేటికిని కలరు. కాకులు, కొంగలు వానిని ఎత్తుకొని మరియొక చెరువులో వదలును. ఒక చెరువులో పట్టుబడి ముగించిన వల, తడి ఆరకుండగనే ప్రక్క ఊరి చెరువులో దిగును. ఈ విషయమున ఒక్కొక్క రైతు మంచితనము మీద ఆధారపడిన లాభము లేదు. పంచాయతీ పూనుకొని కట్టుబాటు చేయవలెను. చచ్చిన చేపలను నీటి వనరులకు దూరముగా లోతైన గోతిలో వేసి, సున్నము చల్లి, మన్ను కప్పవలెను. రోగము వచ్చిన చెరువు నీరు విడుచునపుడు దిగువ రైతులకు ముందుగా చెప్పవలెను. వల ఎండలో ఆరిన పిదపనే మరియొక చెరువులో దింపవలెను. గ్రామ మత్స్య సహాయకుని యొద్ద ఒక పుస్తకముండి, ఏ చెరువులో ఏ దినమున ఎన్ని చేపలు చచ్చినవి, కోసి చూడగా ఏమి కనబడినది వ్రాయబడియుండినచో రెండు సంవత్సరములలో ఆ ఊరి రోగముల రాకపోకలు తెలిసిపోవును. ఆ పుస్తకమునకయ్యెడి ఖర్చు ఒక మందు డబ్బా ధరలో పదియవ వంతు కూడ ఉండదు.

రోగము సంగతి బయటపడిన చేపల ధర పడిపోవునని దాచువారున్నారు. దాచిన పేరు నిలుచునా? 2018లో ఫార్మలిన్ కలిపినారను అనుమానముతో అస్సాము ప్రభుత్వము ఆంధ్ర చేపల రాకను కొన్ని దినములు ఆపివేసినది. అది రోగము మాట కాదు, నిలువ చేయు విధానము మాట. అయినను అనుమానము ఒక్కరి మీద కాక అందరి మీదను పడినది. మందు అవశేషములు గల చేప బండి ఒక్కటి దొరికినను అట్లే జరుగును. దేశమంతటను చేపల రోగములను కనిపెట్టుచుండుటకు 2013లో ఒక జాతీయ కార్యక్రమము మొదలైనది. రైతే నేరుగా తన సెల్‌ఫోను నుండి రోగము సంగతి తెలుపుటకు 2023లో కేంద్ర ప్రభుత్వము ఒక యాప్‌ను విడుదల చేసినది. ఫోటో తీసి పంపుట నేటి పిల్లలకు తెలియని విద్య కాదు.

చేపలను పరీక్షకు పంపువారు ఈ జాగ్రత్తలు తీసికొనవలెను. ప్రాణముతో నున్న రోగపు చేపలను ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచిలో పంపుట అన్నిటికంటె మేలు. అది కుదరనిచో అప్పుడే చంపిన చేపలను సంచిలో చుట్టి మంచు మీద పెట్టి ఆ దినముననే చేర్చవలెను. కణజాలమును సూక్ష్మదర్శినిలో చూడవలసియున్నచో చేపను గడ్డకట్టించరాదు. మంచు స్ఫటికములు కణములను చీల్చివేయును, ఏది రోగమో ఏది మంచు దెబ్బయో తెలియకుండ పోవును. మొప్ప, కాలేయము, మూత్రపిండము, ప్లీహముల నుండి శనగగింజంత ముక్కలు కోసి, వానికి పదింతలు పరిమాణము గల 10 శాతము ఫార్మలిన్ ద్రవములో వేయవలెను. బాక్టీరియాను పెంచి చూచుటకు మాత్రము ఫార్మలిన్‌లో వేసిన ముక్క పనికిరాదు, అందుకు వేరుగా తాజా చేప కావలెను. సీసాలో వేయు చీటీని పెన్సిలుతో వ్రాయుడు, సిరా చెరిగిపోవును. చీటీ మీద ఊరి పేరు, చెరువు విస్తీర్ణము, చేప రకము, చావులు మొదలైన దినము, అప్పటికే ఏ మందులైన వాడియున్నచో వాని పేర్లు తప్పక ఉండవలెను. ఉండిలోని మత్స్య పరిశోధనా స్థానము గాని, మీ మండల మత్స్యశాఖ అధికారి చెప్పిన మరియొక ప్రయోగశాల గాని దగ్గరగా నున్నచోటికి ఉదయముననే బయలుదేరి పోవుట మంచిది.